ఊరేగింపు అర్జీకి గడువులోపు జవాబు రావాలి

విజయవాడలో నలుగురిని వెంటబెట్టుకుని రోడ్డెక్కాలనుకున్న ఎవరికైనా ఇది అనుభవమే. అర్జీ రాయడం తేలిక, దాన్ని తీసుకునేలా చేయడం కొంచెం కష్టం, జవాబు రాబట్టడం మాత్రం మన చేతుల్లో లేదు. నాది గాంధీనగర్‌లో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. అఫిడవిట్లు, రెంటు అగ్రిమెంట్లు, పెళ్లి కార్డులతో పాటు ర్యాలీ పర్మిషన్ల అర్జీలు కూడా మా దగ్గర టైపు చేయించుకుంటారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆటో యూనియన్ వాళ్లు, వినాయక కమిటీ కుర్రాళ్లు, మిలాద్ ఊరేగింపు పెద్దలు, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు నడిచివెళ్లే బృందాలు, పెన్షన్ కోసం తిరిగే రిటైర్డ్ ఉద్యోగులు, అన్ని రంగుల జెండాల వాళ్లూ వస్తారు.

అందరి అర్జీ దాదాపు ఒకటే. ఫలానా తేదీ, ఫలానా చోట మొదలు, ఫలానా చోట ముగింపు, వచ్చేది ఇంతమంది, మైకు కట్టిన ఆటో నంబరు ఇది, బాధ్యుల ఫోన్ నంబర్లు ఇవి, శాంతియుతంగా జరుపుకుంటామని హామీ. కింద సంతకాలు. తేడా అంతా ఆ తర్వాతే మొదలవుతుంది. కొందరికి సాయంత్రానికల్లా ఫోనొస్తుంది, "చేసుకోండి" అని. కొందరికి ముందురోజు రాత్రి దాకా ఏ కబురూ ఉండదు. ఆ రాత్రి కానిస్టేబుల్ గారు నోటీసు పట్టుకుని ఇంటికొస్తారు. ఒకసారి ఒక అంగన్‌వాడీ టీచరు మా షాపు మూసే వేళకు వచ్చి అడిగింది: "అన్నయ్యా, రేపు పొద్దున మా వాళ్లు ఊళ్ల నుంచి బయల్దేరాలి. రమ్మనమంటారా, వద్దనమంటారా? వద్దంటే వద్దనైనా చెప్పొచ్చుగా."

ఆమె అడిగింది నాకు న్యాయంగా తోచింది. ఈ వ్యాసమంతా ఆ మాట గురించే. బందరు రోడ్డును ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగ్బంధం చేసుకోవచ్చని నేను అనడం లేదు. వీధిలో నడిచే హక్కుకు హద్దులుండాలి. ఆ హద్దులు కాగితం మీద ఉండాలి, అందరికీ ఒకేలా ఉండాలి. గడువు అడిగేవాడికే కాదు, ఇచ్చేవాడికీ ఉండాలి. ఇప్పుడు మన ఊళ్లో లేనిది ఈ చివరిదే.

"సెక్షన్ 30 అమల్లో ఉంది" అనే ప్రకటన పేపర్లో చూడనివాళ్లు ఈ జిల్లాలో ఉండరు. అది చూడగానే ఊరేగింపులు నిషేధం అనుకుంటాం. పోలీసుల్లో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. ఆ సెక్షన్ 1861 నాటి పోలీసు చట్టంలోది. సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు తెల్లవాళ్లు తెచ్చుకున్న చట్టం. జనం గుంపుగా కనపడితే భయపడే ప్రభుత్వం రాసుకున్నది కూడా ఏం చెప్తుందో చదివి చూడండి. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా జరగాలో, ఏ దారిన, ఏ వేళకు వెళ్లాలో పోలీసు అధికారి చెప్పవచ్చు. అదుపు లేకపోతే శాంతిభంగం కలిగేలా ఉందని మేజిస్ట్రేటు భావిస్తే, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమని నోటీసు ఇవ్వవచ్చు. షరతులతో లైసెన్సు ఇవ్వవచ్చు. దరఖాస్తుకు గానీ, లైసెన్సుకు గానీ రుసుము వసూలు చేయకూడదు. పండగలప్పుడు వీధుల్లో వాయిద్యాలు ఎంతవరకు వాడాలో కూడా చెప్పవచ్చు. షరతులు మీరితే ఆపి, చెదరగొట్టవచ్చు. ఉల్లంఘనకు జరిమానా 200 రూపాయల లోపు. ఇంతే. ఎక్కడా ఊరేగింపులు మానేయండి అని లేదు. అయితే ఒకటి మాత్రం అందులో నిజంగానే లేదు. దరఖాస్తు పెట్టాక ఎన్ని గంటల్లో తేల్చాలో లేదు. నూట అరవై ఏళ్లు దాటినా ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు. మన కష్టాలన్నీ ఆ ఖాళీలోంచే పుడుతున్నాయి.

ఖాళీని పూడ్చాల్సిన చోట 2023లో మన రాష్ట్రం ఏకంగా రోడ్డునే మూసేయబోయింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో ప్రతిపక్ష నేత సభకు వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఇరుకైన చోట, పక్కనే మురుగు కాలవ, అందులో పడ్డవాళ్ల మీద ఇంకొందరు పడ్డారు. నాలుగు రోజులు తిరగకుండానే, 2023 జనవరి 1న, గుంటూరు వికాస్ నగర్‌లో సంక్రాంతి కానుకలు పంచేచోట తొక్కిసలాట. ముగ్గురు ఆడవాళ్లు పోయారు. కొత్త సంవత్సరం రోజున చీర, పండగ సరుకులు తెచ్చుకుందామని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు. మర్నాడే, జనవరి 2న, జీవో నంబర్ 1 వచ్చింది. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, మున్సిపల్, పంచాయతీ రోడ్లు, వేటి మీదా సభలకు మామూలుగా అనుమతి ఉండదు, అరుదైన సందర్భాల్లో తప్ప అన్నారు. రోడ్లకు దూరంగా స్థలాలు చూసి అక్కడ పెట్టుకోమన్నారు.

ఆ జీవో వెనక ఆవేదన ఉందని నేను ఒప్పుకుంటాను. పదకొండు ప్రాణాలు పోయాక ఏ ప్రభుత్వమైనా ఏదో ఒకటి చేయాల్సిందే. కానీ గుంటూరులో ఆ ముగ్గురూ రోడ్డు మీద చనిపోలేదు. మైదానంలో చనిపోయారు. జీవో చెప్పినట్టు రోడ్డుకు దూరంగా పెట్టిన కార్యక్రమంలోనే చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది రోడ్డు కాదు. ఎంతమంది వస్తారో లెక్క వేసుకోకపోవడం, వచ్చినవాళ్లు వరసగా లోపలికెళ్లి ఇంకోవైపు నుంచి బయటపడే దారి సరిగ్గా లేకపోవడం, ఒక్కసారిగా తోసుకుంటే ఆపే మనుషులు చాలకపోవడం. 2025 సెప్టెంబరు 27న తమిళనాడులోని కరూరులో 41 మంది పోయినప్పుడూ ఇవే ప్రశ్నలు లేచాయి. అనుమతి పత్రంలో ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు చూసి, చోటు చాలదంటే ఇంకో చోటు చెప్పడం పోలీసుల పని. రోడ్డు మూసేస్తే ఆ పని చేసినట్టు కాదు, తప్పించుకున్నట్టు.

జీవో 1ని హైకోర్టు 2023 జనవరి 12న తాత్కాలికంగా ఆపింది. మే 12న కొట్టేసింది. ఆ తీర్పు రోజున మా షాపు ముందు టీ తాగుతూ అన్ని పార్టీల వాళ్లూ సంతోషించారు. నాకూ సంతోషమే. అయితే దాని స్థానంలో మంచి నిబంధన ఏదీ రాలేదు. మళ్లీ పాత మౌనమే వచ్చింది.

కోర్టుల సంగతి వచ్చింది కాబట్టి, ప్రతి సంఘం వాళ్లూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటి చెప్తాను. 1969లో అహ్మదాబాద్‌లో సభ పెట్టుకుంటామని హిమ్మత్‌లాల్ కె. షా అర్జీ పెట్టారు. పోలీసు కమిషనర్ కాదన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1972లో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం రెండు మాటలు చెప్పింది. ఎవరికి తోచిన చోట వాళ్లు సభ పెట్టుకునే హక్కు లేదు, వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు. అలాగని ప్రభుత్వం చట్టం చేసి అన్ని వీధుల్నీ, బహిరంగ స్థలాల్నీ సభలకు మూసేయడానికీ వీల్లేదు. ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు కాదనాలో ఏ కొలతా చెప్పకుండా అధికారం మొత్తం అధికారి ఇష్టానికి వదిలేసిన ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. రాజ్యాంగంలోని 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది. దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చంది. కారణం చెప్పని ఆంక్ష సహేతుకమని ఎలా తేలుతుంది?

అమెరికాలో ఈ గొడవ చాలా ఏళ్లు నడిచింది. అక్కడ ఏ ఊరి ఊరేగింపు నిబంధనలు ఆ ఊరే రాసుకుంటుంది. రాసుకున్నది తప్పయితే జనం కోర్టుకు పోయి సరిచేయించుకున్నారు. 1941లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో యెహోవా సాక్షులు లైసెన్సు లేకుండా అట్టలు పట్టుకుని వరసగా నడిచిన కేసులో, లైసెన్సు అడగడం తప్పు కాదని వాళ్ల సుప్రీంకోర్టు అంది. ఎందుకంటే ఆ ఊరు చూసేది సమయం, స్థలం, తీరు మాత్రమే, ఏం మాట్లాడతారన్నది కాదు. అదే కోర్టు 1969లో అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరం నిబంధనను తప్పుపట్టింది. 1963 గుడ్ ఫ్రైడే నాడు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టరు ఇతరులతో కలిసి నల్లవాళ్ల హక్కుల కోసం నడిచారు. 52 మంది, ఫుట్‌పాత్ మీద, బుద్ధిగా. మార్టిన్ లూథర్ కింగ్ అరెస్టయిందీ ఆ నడకలోనే. ప్రజా సంక్షేమం, శాంతి, మర్యాద, నీతి, సౌకర్యం, వీటిలో దేనికి భంగమనిపించినా పర్మిట్ నిరాకరించవచ్చని ఆ ఊరి నిబంధనలో ఉంది. అంటే ఎవరినైనా కాదనవచ్చు. ఇలాంటి అధికారం ఇవ్వాలంటే కొలతలు స్పష్టంగా, కచ్చితంగా ఉండాలని కోర్టు చెప్పి షటిల్స్‌వర్త్ శిక్షను రద్దు చేసింది.

మూడోది 1992 నాటిది. మనకు బాగా పనికొచ్చేది ఇదే. జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీ, ఊరేగింపు వాళ్ల దగ్గర వెయ్యి డాలర్ల దాకా రుసుము తీసుకునేది. ఎంతన్నది అధికారి నిర్ణయిస్తాడు. ఎదుటివాళ్లు ఎంత రెచ్చిపోతే అంత బందోబస్తు, అంత రుసుము. కోర్టు ఒప్పుకోలేదు. నీ మాట ఇతరులకు గిట్టదు కాబట్టి నువ్వు ఎక్కువ కట్టు అనడం మాటకే వెల కట్టడమని తేల్చింది. మన దగ్గర రుసుము లేదు గానీ, ఆ వాదన రోజూ వింటాం. "మీరు వెళ్తే వాళ్లు అడ్డొస్తారండీ, గొడవవుతుంది, మీరే మానుకోండి." అడ్డొచ్చేవాళ్లను ఆపాల్సింది పోయి నడిచేవాళ్లను ఆపుతారు. రాళ్లేస్తామని బెదిరించిన గుంపుకు ఊరేగింపును రద్దు చేయించే అధికారం దక్కుతోంది. ఈ ఒక్క కారణంతో అనుమతి నిరాకరించకూడదని రాతపూర్వకంగా ఉంటే ఎన్ని ఊళ్లలో ఎంతమంది తలెత్తుకుని నడుస్తారో ఆలోచించండి.

తలెత్తుకుని అని ఎందుకన్నానంటే, మన దేశంలో వీధి అంటే ట్రాఫిక్ ఒక్కటే కాదు. ఏ కులం వాళ్లు ఏ వీధిన నడవాలో, ఎవరి పెళ్లికొడుకు గుర్రం ఎక్కకూడదో ఊరి పెత్తనాలు శాసించిన దేశం ఇది. 1927 మార్చి 20న మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేల మందితో ఊరేగింపుగా నడిచి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, ఎస్సీ, ఎస్టీల పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడాన్ని కూడా నేరాల్లో చేర్చాల్సి వచ్చింది. ఇంత కాలానికి కూడా ఆ అవసరం ఉందన్నమాట. అందుకే ఊరేగింపు అనుమతి విషయంలో అధికారి ఇష్టం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఇష్టం ఎప్పుడూ బలం ఉన్నవాడి వైపే మొగ్గుతుంది.

ఆ అంబేడ్కర్ విగ్రహం ఇప్పుడు మన స్వరాజ్ మైదానంలో ఉంది. 125 అడుగుల విగ్రహం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, నేను మా పిల్లల్ని తీసుకెళ్లాను. ఆయన అక్కడ నిలబడటం నాకు గర్వమే. కానీ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని మనం పిలుచుకున్న ఆ మైదానంలోనే ఒకప్పుడు పెద్ద సభలు, ఎగ్జిబిషన్లు, పుస్తకాల పండగ జరిగేవి. నడిబొడ్డున అంత ఖాళీ స్థలాన్ని సభల కోసం మళ్లీ ఎవరూ కేటాయించలేదు. సభ పెట్టుకుంటామంటే అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్ చూపిస్తారు. ధర్నా చౌక్ టెంటు వేసుకుని కూర్చునేవాళ్లకు. నడవడం వేరు. మన బాధ తెలియని షాపువాడు, బస్సు కిటికీలోంచి చూసే కాలేజీ పిల్ల, మేడ మీద బట్టలారేసుకునే ఇల్లాలు ఆగి చూసి "వీళ్లెవరు, ఏమంటున్నారు?" అనుకోవడానికే ఊరేగింపు. ఎవరూ రాని మూలకు పంపితే సగం గొంతు నొక్కినట్టే.

2022 ఫిబ్రవరి 3 గుర్తుందా? పీఆర్సీ, అంటే జీతాల సవరణ మీద ఉద్యోగుల చలో విజయవాడ. అనుమతి లేదన్నారు. ఎక్కడికక్కడ నోటీసులు, గృహ నిర్బంధాలు, బస్సుల్లో, రైళ్లలో తనిఖీలు. అయినా బీఆర్టీఎస్ రోడ్డు జనంతో నిండిపోయింది. కూలీల వేషాల్లో, బిచ్చగాళ్ల వేషాల్లో కూడా ఉద్యోగులు ఊళ్లోకి వచ్చారు. పాఠాలు చెప్పే మాస్టారు తన డిమాండు చెప్పుకోవడానికి మారువేషం కట్టాల్సి రావడం ఎవరికి గౌరవం? అనుమతి ఇచ్చి ఉంటే వాహనాలు ఎక్కడ ఆపాలో, మంచినీళ్లు ఎక్కడ పెట్టాలో, సిటీ బస్సులు ఎటు తిప్పాలో ముందే అనుకునేవాళ్లు. కాదనడంతో జనం ఆగలేదు, ఏర్పాట్లే ఆగిపోయాయి. రెండు రోజులకు ప్రభుత్వం ఉద్యోగ సంఘాలతో కూర్చుని ఒప్పందానికి వచ్చింది, సమ్మె ఆగింది. వినాల్సిన మాటే ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

ఇక రోడ్డు వాడుకునేవాళ్ల కష్టం. దాన్ని తేలిగ్గా తీసేసేవాళ్లతో నేను ఏకీభవించను. మన ఊరి నైసర్గిక స్వరూపమే అలాంటిది. ఒకవైపు కృష్ణ, ఒకవైపు కొండలు, మధ్యలో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటికి తోడు రైలు పట్టాలు. ఇటు నుంచి అటు పోవాలంటే ఏదో ఒక వంతెన మీదుగానో, కింద నుంచో పోవాలి. వంతెన దగ్గర రెండొందల మంది నిలబడితే చాలు, ఏలూరు రోడ్డు దాకా బిగుసుకుపోతుంది. అదే బందరు రోడ్డులో ఒక పక్కగా తాడు పట్టుకుని వెయ్యిమంది నడిచినా మిగతా సగం సాగిపోతుంది. కాబట్టి మన ఊళ్లో అసలు చూడాల్సింది తల లెక్క కన్నా దారి. ఏ రోడ్డు మీద ఏ వేళ సగం రోడ్డు ఇవ్వవచ్చు, ఏ వంతెన మీద ఆగకుండా దాటాలి, స్కూళ్లు వదిలే వేళ ఏ సెంటర్లు వదిలేయాలి, ఆసుపత్రుల దారులు ఏవి. ఇవి ట్రాఫిక్ పోలీసులకు కొట్టినపిండి. కాగితం మీద పెట్టి ప్రకటిస్తే చాలు. సగం గొడవ అర్జీ రాసేటప్పుడే తీరిపోతుంది. ఇప్పుడు అర్జీలో ఏ దారి రాయాలో తెలియక జనం అన్నిటికన్నా రద్దీ దారే రాస్తారు, అది చూసి వాళ్లు పక్కన పెట్టేస్తారు.

బీసెంట్ రోడ్డు వ్యాపారులు నాకు చాలామంది తెలుసు. దసరా, దీపావళి బేరాల్లో ఒక సాయంత్రం పోతే వాళ్లకు ఎంత నష్టమో నాకు తెలుసు. వాళ్ల కోపం ఊరేగింపు మీద కన్నా, అది వస్తుందని ఎవరూ చెప్పకపోవడం మీదే ఎక్కువ. అనుమతించిన ఊరేగింపుల పట్టిక ముందే ప్రకటిస్తే వాళ్ల సరుకు లారీని ఇంకో పూట పిలుచుకుంటారు.

అంత తొందరగా తేల్చడం కుదరదని పోలీసులు అనవచ్చు. కుదురుతుంది. వాళ్లే చేసి చూపించారు. ఎన్నికలొస్తే ఎన్నికల సంఘం సువిధ అనే పద్ధతి పెడుతుంది. పార్టీలు, అభ్యర్థులు ర్యాలీకి, సభకు, మైకుకు, వాహనాలకు ఒకే చోట దరఖాస్తు చేసుకుంటారు. కార్యక్రమానికి 48 గంటల ముందు పెట్టాలి. ముందు పెట్టినవాళ్లకు ముందు. 24 గంటల్లో జవాబు ఇవ్వాలన్నది లక్ష్యం. ఊరంతా అట్టుడికిపోయే రోజుల్లో, ప్రతి సెంటర్లోనూ రెండు మూడు పార్టీలు పోటీపడే రోజుల్లో, ఇదే పోలీసులు ఇవే రోడ్ల మీద ఈ గడువుకు పనిచేస్తారు. 2024లో వినాయక మండపాలకు కూడా పోలీసు శాఖ ఆన్‌లైన్‌లో ఒకే చోట అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. దసరా వస్తే లక్షల మంది అమ్మవారి దర్శనానికి వస్తారు. బస్సులు ఎటు మళ్లిస్తారో, కార్లు ఎక్కడ ఆపాలో పేపర్లో ముందే వేస్తారు. భవానీలు గిరి ప్రదక్షిణ చేసే దారి కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్ వాళ్లందరికీ తెలుసు. తాడేపల్లిలోనో గొల్లపూడిలోనో ఉన్నవాడు కూడా ఆ రోజుల్లో తన ప్రయాణం సర్దుకుంటాడు. చేతనైన పనే. కొందరికి చేసి, మరికొందరికి చేయకపోవడమే నా ఫిర్యాదు. మున్సిపల్ కార్మికులు జీతాల కోసం నడుస్తామంటే ఆ చేతనైన పని ఎక్కడికి పోతుంది?

జవాబు రాకపోతే ఏం చేస్తారు? హైకోర్టుకు వెళ్తారు. అక్కడే అసమానత ఇంకా పెరుగుతుంది. కోర్టుకు వెళ్లాలంటే ముందు అర్జీ ఇచ్చినట్టు రుజువు ఉండాలి. మా షాపులో జనం అన్నిటికన్నా భద్రంగా దాచుకునే కాగితం అదే, రిసీవ్డ్ స్టాంపు పడ్డ కాపీ. ఊదా రంగు గుండ్రటి ముద్ర, పక్కన తేదీ, పొడి సంతకం. దాన్ని పది కాపీలు తీయించుకుంటారు, ఫోన్లో ఫొటో తీసుకుంటారు, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటారు. ఆ ముద్ర వేయించుకోవడానికే రెండు మూడు రోజులు తిరిగినవాళ్లున్నారు. "సార్ లేరు, రేపు రండి." "ఇక్కడ కాదు, ఏసీపీ ఆఫీసులో ఇవ్వండి." "వాట్సాప్ చేయండి, స్టాంపెందుకు?" ముద్ర పడ్డాక ముందురోజు దాకా ఎదురుచూపు. తర్వాత హైకోర్టు ఉన్న నేలపాడుకు పరుగు, వకీలు ఫీజు, ఆ రోజే వినమని అత్యవసరంగా వేసే లంచ్ మోషన్. పెద్ద పార్టీకి అది ఫోన్ కాల్ పని. ఇళ్లలో పాచిపని చేసుకునే ఆడవాళ్ల సంఘానికి అయ్యే పనేనా?

అమరావతి రైతులకు సంఘం ఉంది, వకీళ్లున్నారు కాబట్టి నెగ్గుకొచ్చారు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుపతికి నడుస్తామంటే పోలీసులు ఒప్పుకోలేదు. హైకోర్టు 157 మందితో నడవమంది. 2022 సెప్టెంబరులో అరసవల్లికి నడుస్తామన్నప్పుడు మళ్లీ అదే కథ, మళ్లీ కోర్టు, ఈసారి 600 మంది. ఎంతమంది నడవాలో, గుర్తింపు కార్డులుండాలా వద్దా అనే వివరాలు హైకోర్టు జడ్జీలు కూర్చుని తేల్చాల్సినవా? స్టేషన్ స్థాయిలో రాసిపెట్టిన నిబంధన లేకపోతే ఇలాగే ఉంటుంది. ఏ ప్రభుత్వం ఉన్నా ఇంతే. అధికారంలో ఉన్నవాళ్ల ర్యాలీకి రోడ్డు దానంతటదే ఖాళీ అవుతుంది, లేనివాళ్ల అర్జీ టేబుల్ మీద పడుంటుంది. అయిదేళ్లకు మనుషులు అటూ ఇటూ మారతారు. నేను రెండు వైపుల వాళ్లకూ ఇవే అర్జీలు టైపు చేశాను.

నేను కోరేది రెండు పేజీల నిబంధన. నగరపాలక సంస్థ, పోలీసు కమిషనరేట్ కలిసి ప్రకటించాలి. వందమంది లోపు ఎడమ పక్కగా నడిచి వెళ్లే ఊరేగింపుకు అనుమతి అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. అంతిమయాత్రలకు, ఏదైనా ఘోరం జరిగిన రోజున అప్పటికప్పుడు జనం చేసే నిరసనలకు ముందస్తు గడువు వర్తించదు. మిగతా వాటికి 72 గంటల ముందు అర్జీ. అర్జీ ఇచ్చిన నిమిషంలోనే నంబరు, అది ఆన్‌లైన్‌లో కావచ్చు, కౌంటర్లో కావచ్చు. 36 గంటల్లో జవాబు. కాదంటే కారణం రాయాలి, కాదన్న ప్రతిసారీ ఇంకో దారో ఇంకో వేళో చూపించాలి. గడువులో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఎవరో అడ్డొస్తారన్నది కారణం కాకూడదు. రుసుము ఉండకూడదు, అది 1861 చట్టం చెప్పిందే. నిర్వాహకుల వైపు నుంచి ప్రతి యాభై మందికి ఒక వాలంటీరు, చేతికి పట్టీ, అంబులెన్సు వస్తే దారి ఇచ్చే బాధ్యత, నీళ్లు, చివర చెత్త ఎత్తడం. శబ్దానికి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఎలాగూ ఉన్నాయి, రాత్రి పది తర్వాత మైకు ఆపాలి. డీజే పెట్టే పెళ్లి ఊరేగింపుకూ, జెండా పట్టే ర్యాలీకీ ఆ పది గంటలు ఒకటే కావాలి. ఈ విషయంలో దేవుడి పేరు చెప్పినా, నాయకుడి పేరు చెప్పినా మినహాయింపు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నదాని మీద అభ్యంతరం వస్తుందని తెలుసు. నిజంగా ప్రమాదం ఉందని నిఘా వర్గాల సమాచారం వస్తే ఎలా అంటారు. దానికి వేరే అధికారం ఉంది. పాత 144, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 163. దాని కింద ఉత్తర్వు ఇవ్వాలంటే ముఖ్యమైన విషయాలు రాయాలి, మామూలుగా రెండు నెలలకు మించి అది నిలవదు. 2020లో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి ఆ సెక్షన్ వాడకూడదనీ, ఆ ఉత్తర్వులను ప్రచురించాలనీ, అదేపనిగా మళ్లీ మళ్లీ ఇవ్వడం అధికార దుర్వినియోగమనీ చెప్పింది. అదే ఏడాది షాహీన్‌బాగ్ కేసులో, బహిరంగ రహదారిని నిరవధికంగా ఆక్రమించడం తగదనీ చెప్పింది. రెండూ కలిపి చదివితే నేను అడుగుతున్నది అతిశయం కాదని తెలుస్తుంది. నడిచేవాడు నడిచి వెళ్లిపోవాలి. ఆపేవాడు కారణం రాసి ఆపాలి.

ఈ ముసాయిదా టైపు చేసి షాపు కౌంటర్ మీద పెట్టాను. చదివినవాళ్లు పెన్నుతో దిద్దుతున్నారు, కమిషనరేట్‌కు, కార్పొరేషన్‌కు ఇచ్చేముందు ఆ దిద్దుబాట్లన్నీ కలుపుతాను. ఇప్పటిదాకా ఎక్కువ వాదన నడిచింది వందమంది అన్న సంఖ్య మీద. వ్యాపారులు యాభై చాలంటున్నారు. ఆటో యూనియన్ వాళ్లు రెండొందలు అంటున్నారు. నేను ప్రస్తుతానికి వంద దగ్గరే ఉన్నాను. నాలుగైదు వార్డుల అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు కలిసి సోమవారం గ్రీవెన్స్‌లో వినతిపత్రం ఇవ్వడానికి కలెక్టరాఫీసుకు నడిస్తే యాభై దాటిపోతారు. ఒక కాగితం ఇచ్చి రావడానికి ఇంకో కాగితం కోసం మూడు రోజులు తిరగమని వాళ్లకు చెప్పలేను. మీకు వేరే లెక్క తోస్తే, కారణంతో సహా రాసి పంపండి, కలుపుతాను.